నర్సయ్య మందు కొట్టిన ఆదివారం

24 ఫిబ్రవరి 2025, సోమవారం
రాళ్లవాగు గూడెం

కోదాడలో ఉండే పాస్టరు జాన్ చైతన్య అయ్యగారికి, నర్సయ్య రెండు చేతులు జోడించి, తల మాత్రం వంచకుండా రాస్తున్న ఉత్తరం.

పదకొండేండ్ల నుంచి ఒక మాట నా గొంతులో చేపముల్లు లెక్క ఉన్నది. ఇయ్యాల కక్కుతున్నాను.

రెండువేల పద్నాలుగు, మార్చి మొదటి ఆదివారం. ప్రభువు బల్ల. అందరితో పాటు మోకాళ్ల మీద ఉన్నాను. రొట్టె ముక్క తిన్నాను. ద్రాక్షారసం గ్లాసు నా పెదవి దాకా వచ్చింది. మీకు ముందున్న పాస్టరు ఆ గ్లాసును వెనక్కి గుంజుకున్నాడు. "ఎందుకో నీకే ఎరుక నర్సయ్యా" అన్నాడు.

నాకు ఎరుకే. ఆ పొద్దున నేను మందు కొట్టి వచ్చినాను. లేదనను, నాది అబద్ధమాడే నోరు కాదు. ఒక్కరోజు ఆగితే కొంప మునిగేది, అందుకని కొట్టినాను. ఆయన చెప్పలేదు, నేను అడగలేదు. అడుక్కునే అలవాటు మా ఇంట్లో లేదు. ఆనాటి నుంచి బల్ల ఉన్న ఆదివారం చర్చి బయట అరుగు మీద కూర్చుంటున్నాను. నా ఇంటామె అచ్చమ్మ ఉన్నన్ని రోజులు, బల్ల తీసుకొని నోరు కూడా కడుక్కోకుండా వచ్చి నా పక్కన కూర్చునేది. ఆమె పోయి తొమ్మిదేండ్లు. ఇప్పుడు అరుగు మీద నేనూ, అందరి చెప్పులూ.

ఇన్నేండ్లు ఊకున్నోణ్ని ఇప్పుడెందుకు రాస్తున్నానంటే, సమాధుల తోటలో జాగాలకు మీ కమిటీ నంబరు రాళ్లు పాతుతున్నదట. బల్ల ఉన్నోళ్లకే రాయి అట. అచ్చమ్మ పక్క జాగా పదిహేడో నంబరు. దాన్ని సంఘ పెద్ద శ్యాంసుందర్ అడిగినాడట, వేపచెట్టు నీడ పడుతదని. అయ్యగారూ, అచ్చమ్మకు బతికినన్నాళ్లు శ్యాంసుందర్ గొంతు వింటేనే తలనొప్పి. పునరుత్థానం నాడు కండ్లు తెరిచి పక్కకు చూస్తే శ్యాంసుందర్ ఉన్నాడనుకోండి, ఆమె మళ్లీ పండుకుంటది. ఎవరు లేపినా లేవదు.

నా బల్ల నాకు కావాలె. పదిహేడో నంబరు రాయి కావాలె. మార్చి పదో తారీఖు లోపల జవాబు రాయండి.

ఇట్లు,
చెప్పులకు కావలి ఉండే నర్సయ్య

తా.క.: ఫోను ఉన్నది, మనుమరాలు అఖిల కొనిచ్చింది. అయినా ఉత్తరమే. ఫోనులో అన్న మాటను రేపు "నేనట్ల అనలే" అనొచ్చు. కాగితం అట్ల అనదు.

---

3 మార్చి 2025
కోదాడ

ప్రభువునందు ప్రియమైన పెద్దలు నర్సయ్య గారికి, మీ సంఘ కాపరి జాన్ చైతన్య ప్రేమతో, కొంత వణుకుతో రాయునది.

మీ ఉత్తరం నిలబడి చదవడం మొదలుపెట్టి, కూర్చుని ముగించాను. పదేళ్ల సేవలో ఎన్నో ఒప్పుకోళ్లు విన్నాను. "ఆదివారం పొద్దున్నే కొట్టి వచ్చాను" అని ఇంత తలెత్తుకుని చెప్పినవారిని ఇదే మొదటిసారి చూడటం. ఆ మాట రాయడానికి నాకు కలం రావడం లేదు. కనుక "ఆ అలవాటు" అని మాత్రమే రాస్తాను, మీరు అర్థం చేసుకుంటారు.

క్రైస్తవుడు చేయవచ్చా అని చాలామంది నన్ను అడుగుతుంటారు. పెళ్లిలో ప్రభువే నీళ్లను ద్రాక్షారసం చేశాడు కదా అంటారు. కడుపు నొప్పికి కొంచెం పుచ్చుకోమని అపొస్తలుడే రాశాడు కదా అంటారు. అయ్యా, ఆ కాలం వేరు, మన సంఘం కట్టడ వేరు. ద్రాక్షదైనా ధాన్యందైనా తప్పు తప్పే. ఒక్క చుక్క కూడా కూడదు. చేసినవారికి బల్ల లేదు.

కానీ తలుపు మూసెయ్యలేదు. మీరు మానేశానని ఒక్క మాట రాయండి. రాయి నేనే దగ్గరుండి పాతిస్తాను.

మీ క్షేమం కోరుతూ,
జాన్ చైతన్య

తా.క.: నిన్న మీ సంఘంలో బల్ల దివ్యంగా జరిగింది. మిగిలిన ద్రాక్షారసాన్ని పారబోయకూడదు గనుక ఎప్పటిలాగే నేనే పూర్తిచేశాను. మీ ఊళ్లో ఆరాధన తర్వాత నాకు కలిగే ఆనందం కోదాడలో ఎంత ప్రార్థించినా కలగదు. ఇది మీ సంఘం భక్తి.

---

8 మార్చి 2025
రాళ్లవాగు గూడెం

జాన్ చైతన్య అయ్యగారికి నర్సయ్య దండం. ఒక్కటే దండం. రెండోది జవాబు చూసి పెడతాను.

అలవాటు అని రాసినారు. అది అలవాటు కాదండీ, పని. సరదాకి ఎవడు కొడతాడు? ముక్కుకు గుడ్డ కట్టుకొని కొడతాం, ఆ వాసన పడక. మొదటిసారి కొట్టినప్పుడు కండ్లు తిరిగి గట్టు మీద పడ్డాను. అప్పటి నుంచి కడుపు ఖాళీగా ఎన్నడూ కొట్టలేదు. వయసులో ఉన్నప్పుడు ఒక్క పూటలో పది పంపులు కొట్టినోణ్ని. ఇప్పుడు మూడింటికే నడుం పోతున్నది.

అచ్చమ్మను ఊరంతా భక్తురాలు అంటది కదా, ఆమె చేతితో నీళ్లు కలిపి ఇస్తేనే నేను కొట్టేది. ఎంత కలపాలో ఆమెకు తెలిసినట్టు మా ఊళ్లో ఇంకెవ్వరికీ తెలియదు. "పచ్చిది కొట్టకు, మాడిపోతది" అని గట్టు మీద నిలబడి మొత్తుకునేది.

ద్రాక్షదైనా తప్పే అంటున్నారు. ద్రాక్ష సంగతి నాకు తెలియదు. హైదరాబాదు దిక్కు ద్రాక్షకైతే వారానికి రెండుసార్లు కొడతారని విన్నాను. మాది వరి. సీజనుకు మూడుసార్లు, పురుగు ఎక్కువైతే నాలుగు.

ఇగ మీ శ్యాంసుందర్. ఆయన నా కన్న ఎక్కువ కొడతాడు. ఒంట్లో శక్తి లేక కూలికి మనిషిని పెట్టి కొట్టిస్తాడు. మరి ఆయనకు బల్ల ఎందుకు ఉన్నది? ఆయన ఆదివారం కొట్టడు, సోమవారం కొడతాడు, అంతేనా తేడా? ఆ తేడాకు అచ్చమ్మ పక్కన పండుకుంటాడా?

మానమంటున్నారు. మానితే తినేదేంది? మార్చి పదిహేను లోపల జవాబు.

ఇట్లు,
పని చేసుకొని బతికే నర్సయ్య

తా.క.: కొట్టినాక సబ్బుతో స్నానం చేసే చర్చికి వస్తాను. ఆ ఒక్కరోజే టైము లేక అదే అంగీతో వచ్చినాను. తప్పంటే అది కూడా నా తప్పే.

---

14 మార్చి 2025
కోదాడ

పూజ్యులు నర్సయ్య గారికి, నిద్ర పట్టని జాన్ చైతన్య వందనాలు.

అచ్చమ్మ గారు! ఆమె పేరు మీద మేము ఏటా స్త్రీల కూటం పెడుతున్నాం. "నీళ్లు కలిపి ఇచ్చేది" అన్న చోట నా కళ్లు మసకబారాయి. పైగా పురుగు ఎక్కువైతే నాలుగు అంటున్నారు. ఆ తపనను పురుగుతో పోల్చడం మీ మనసులోని బాధకు గుర్తు అని నాకు తెలుసు. "పంపు" అంటే ఎన్ని గ్లాసులో నాకు తెలియదు, ఎవరినైనా అడగడానికి భయమేసింది.

మీ మాట నమ్మలేక శ్యాంసుందర్ గారికి ఫోన్ చేశాను. "మీరు మందు కొడతారా?" అని సూటిగా అడిగాను. ఆయన ఏమన్నారో అక్షరం మార్చకుండా రాస్తున్నాను. "కొడతనయ్యగారు, నిన్ననే కొట్టిన. సొసైటీల కొత్తది వచ్చింది, శాన స్ట్రాంగు. మీకు గిట్ల కావాల్నా? మీ పెరడుకు రెండు మూతలు సాలు." సంఘ పెద్ద! రెండు మూతలు! నేను పెరట్లో దాక్కుని చేస్తాననుకున్నారు! ఫోన్ పెట్టేసి అక్కడే మోకాళ్లూనాను. ఆయనకు కూడా బల్ల ఆపేశాను. పదిహేడో నంబరు రాయి ఎవరికీ లేదు, రాళ్ల కుప్పలోనే పడి ఉంది.

ఇది ఒక్క మనిషి జబ్బు కాదు, ఊరి జబ్బు. ఎల్లుండి ఆదివారం సాయంత్రం మీ ఊళ్లో సభ పెడుతున్నాను. సూర్యాపేట నుంచి అనుభవమున్న వక్తను పంపిస్తున్నాను. ఫ్లెక్సీ కూడా కొట్టించాను: "మందు మానండి, బ్రతుకు మార్చుకోండి." దయచేసి ముందు వరసలో కూర్చోండి.

కన్నీళ్లతో,
జాన్ చైతన్య

తా.క.: ఒక్క ప్రశ్న. మానడానికి ఎప్పుడైనా, ఒక్క సీజనైనా, ప్రయత్నం చేశారా? బదులుగా వేరేదేదైనా పుచ్చుకుని చూశారా?

---

18 మార్చి 2025
రాళ్లవాగు గూడెం

జాన్ చైతన్య అయ్యగారికి, సభ చూసి నోరు తెరిచి ఇంకా మూయని నర్సయ్య రాస్తున్నది.

ఫ్లెక్సీ చూసి ఊరంతా వచ్చింది. తండా నుంచి కూడా వచ్చినారు. అగ్రికల్చర్ సారు వస్తున్నాడని అందరికీ సంబురం. చేతుల్లో తెగులు పట్టిన వరి దుబ్బులు. తండా బిచ్చా అయితే సంచినిండా తెచ్చినాడు. మీరు పంపిన ఆయన లేచి గంటసేపు కాలేయం, కాలేయం అన్నాడు. "కొడితే కాలేయం కుళ్లుతది" అన్నాడు. బిచ్చా లేచి, "సారూ, మాది కాలేయం మంచిగున్నది, కాండం కుళ్లుతున్నది. దానికేం జెప్తవ్?" అన్నాడు. ఆయన బిత్తరపోయి, "ప్రార్థన చేయండి" అన్నాడు. "ప్రార్థన మేం జేస్తం, నువ్ మందు పేరు జెప్పు" అన్నాడు బిచ్చా. ఆయన మైకు కింద పెట్టి కారెక్కినాడు. సూర్యాపేట దాకా వెనక్కి చూసి ఉండడు.

మానడానికి ప్రయత్నించినావా అని అడిగినారు. ప్రయత్నించినాను. నాలుగేండ్ల కింద ఒక సారు వచ్చి, అంతా విషమయ్యా, మాను, బదులుగా ఆవు మూత్రం కొట్టు అన్నాడు. ఒక సీజను మొత్తం ఆవు మూత్రమే కొట్టినాను. అందులో వేపాకు కషాయం, ఇంత పచ్చిమిర్చి, ఇంత వెల్లుల్లి నూరి కలిపి, వారం పులియబెట్టి మరీ కొట్టినాను. కంపుకు ఇంట్లోకి కుక్క కూడా రాలేదు. పురుగు మాత్రం చావలేదు. ఇంకేం చెయ్యమంటారు?

శ్యాంసుందర్‌కు బల్ల ఆపితే నాకేం ఒరిగింది? ఇప్పుడు ఆయన కూడా అరుగు మీదికి వస్తాడు. నా పక్కనే కూర్చుంటాడు. మార్చి ముప్పై లోపల జవాబు.

ఇట్లు,
ఆవు మూత్రం కూడా కొట్టి చూసిన నర్సయ్య

తా.క.: సీసా మీద పుర్రె బొమ్మ ఉంటది కదా, అది చూసి కూడా కొడుతున్నామంటే మా గతి ఏందో ఆలోచించండి.

---

26 మార్చి 2025
కోదాడ

తండ్రి లాంటి నర్సయ్య గారికి, మీ పాదాల దగ్గర కూర్చుని రాస్తున్నట్టు అనుకుని చదవమని జాన్ చైతన్య ప్రార్థన.

మీ ఉత్తరం ఆవు మూత్రం దాకా చదివి, మళ్లీ మొదటి నుంచి చదివాను. పురుగు చావలేదన్న చోట లేచి నిలబడ్డాను. ఆసుపత్రికి తీసుకుపోవాల్సిన మనిషి అనుకుని, మా ఆవిడ ప్రమీలకు గట్టిగా చదివి వినిపించాను. ఆమె చేతిలో గరిటె కింద పడింది. నవ్వి, నవ్వి, గోడకు ఆనుకుంది. ఆమెది వాడపల్లి, రైతుబిడ్డ. "ఏందండీ మీరు! ఆయన పొలానికి మందు కొట్టిండు! పురుగులమందు! ఎనిమిదేండ్లాయె పెండ్లయి, మా నాయన మీకు ఒక్క మడి సూపియ్యకపాయె!"

నేను కోదాడ బస్టాండు వెనక పుట్టి పెరిగాను. మందు కొట్టడం అంటే నాకు తెలిసింది ఒక్కటే, బస్టాండు వెనక కొట్టేది. నేను ఇన్ని రోజులు మీతో మాట్లాడింది తాగుడు గురించి!

నాకు ముందున్న పాస్టరు గారికి ఫోన్ చేశాను. ఆ రోజు శ్యాంసుందర్ గారు ఆయన చెవిలో, "నర్సయ్య మందు కొట్టి వచ్చిండు, వాసన మంచిది గాదు, పిల్లలను జర దూరం కూసోబెట్టుండ్రి" అన్నారట. ఆయనదీ టౌనే.

సిగ్గుతో చెబుతున్నాను, క్షమించండి. శ్యాంసుందర్ గారి కాళ్లు ఇప్పటికే పట్టుకున్నాను. ఏప్రిల్ ఆరో తేదీ ఆదివారం మొదటి గ్లాసు మీకే. పదిహేడో నంబరు రాయి మీ పేరున ఈ రోజే పాతారు.

తలవంచి,
జాన్ చైతన్య

తా.క.: ఆరో తేదీన ప్రమీల కూడా నా బైకు వెనక వస్తుంది. మీ ఊరి బల్ల తర్వాత ఆనందంలో నాకు రోడ్డు రెండుగా కనిపిస్తుంది. ఎప్పుడూ ఇరుకు మార్గమే ఎంచుకుంటాను. పోయిన నెల ఆ ఇరుకు మార్గం సాగర్ కాలువలోకి పోయింది.

---

9 ఏప్రిల్ 2025, బుధవారం
మిర్యాలగూడ, రైసు మిల్లు ముందు, ట్రాక్టరు మీద

జాన్ చైతన్య అయ్యగారికి, వడ్ల బస్తాల మీద కూర్చొని నర్సయ్య రాస్తున్నది. నా ముందు ఇంకా అరవై ట్రాక్టర్లు ఉన్నాయి కాబట్టి ఈ ఉత్తరం పెద్దగుంటది.

మొదటి సంగతి. నన్ను పదకొండేండ్లు తాగుబోతు అనుకున్నారా? నన్ను? ఆదివారం పని చేసినందుకు బల్ల తీసేసినారని నేననుకున్నాను. అది తప్పే, ఒప్పుకొని కూర్చున్నాను. మా నాయన కల్లు కాంపౌండు ముందే పడి పోయినాడు. పొద్దూకితే ఆయనను ఇంటికి గుంజుకొచ్చేది నేనే. అందుకని పెండ్లినాడు అచ్చమ్మ నా చెయ్యి పట్టుకొని, "ఒక్క సుక్క గూడ వద్దు" అని ఒట్టు పెట్టించుకున్నది. యాభై రెండేండ్లు. పెండ్లిండ్లలో పోసినారు, పండుగల్లో పోసినారు, ఎలక్షన్లలో పార్టీకొక తీరుగా పోసినారు. ఒక్క సుక్క ముట్టలేదు.

రెండో సంగతి. మొన్న ఆరో తారీఖు. మొదటి గ్లాసు నాకే ఇచ్చినారు. నా కండ్లల్ల నీళ్లు వచ్చినయి, మీరు చూసినారు. పదకొండేండ్ల ఆకలి మీద గుటుక్కున మింగినాను. మింగినాక వాసన వచ్చింది. మా నాయన అంగీ వాసన.

మీరు ఆనందబాష్పాలు అనుకున్నారు. కాదు. గొంతు మండింది.

ఆరాధన అయినాక ద్రాక్షారసం తయారుచేసే శ్యాంసుందర్ ఇంటామె సాయమ్మను పట్టుకున్నాను.

"సాయమ్మా, ఇది ఎట్ల జేస్తున్నవ్?"

"ఏమున్నది బావా, అచ్చక్క నేర్పినట్టే. ద్రాక్షపండ్లు పిసికి సక్కెర పోసుడే."

"అచ్చమ్మ బల్లకు మూడు రోజుల ముందట కాచి సల్లార్చేది గద?"

"నెలనెలా గంత ఓపిక నాకేడిది? ఎండలు మొదలైతే పండు సౌక. ఇరవై కిలోలు ఒక్కసారే పిసికి, జాడీల పోసి, మూతికి గుడ్డ గట్టి వడ్లగుమ్మిల పెడ్త. ఏడాదంత వస్తది. ఎంత ఊరితే అంత రుచి. అయ్యగారు సూడు, మిగిలింది మొత్తం తాగి ఇంకింత స్తోత్రం జేస్తడు."

తొమ్మిదేండ్లు, అయ్యగారూ! నెలకొకసారి, ముసలోళ్లు, మొత్తం సంఘం! పాటలు అంత గట్టిగా ఎందుకు పాడుతున్నారో అరుగు మీద కూర్చున్న నాకు తెలియలేదు. ఊరి సంఘంలో ఇన్నేండ్లు ఒక్క సుక్క తాగనోణ్ని నేనొక్కణ్నే. ఎందుకంటే తాగుబోతునని నన్ను బయట కూర్చోబెట్టినారు. ఆ ఒక్కణ్నీ పిలిచి, క్షమాపణ చెప్పి, మోకాళ్ల మీద కూర్చోబెట్టి, మీ చేత్తో తాగించినారు. డెబ్బై నాలుగేండ్లకు మొదటి సుక్క!

ఇప్పుడు మీరు మార్చి మూడో తారీఖున రాసింది మీకే చదువుతున్నాను. "ద్రాక్షదైనా ధాన్యందైనా తప్పు తప్పే. ఒక్క చుక్క కూడా కూడదు. చేసినవారికి బల్ల లేదు." కాగితం నా జేబులనే ఉన్నది.

క్రైస్తవుడు తాగొచ్చా, తాగొద్దా? తాగొద్దంటే సంఘం మొత్తం అరుగు మీదికి రావాలె, మీరు ముందు. అరుగు సరిపోదు, పెంచాలె. తోటలో ఒక్క రాయి కూడా ఉండొద్దు. అచ్చమ్మ ఒక్కతే ఉంటది. ఆమె చేసింది మూడు రోజులదే, కడిగిన ముత్యం. తాగొచ్చంటే, ఉన్నన్ని రోజులు అచ్చమ్మ బల్ల నుంచి లేచి ఎందుకు బయటికి రావలసి వచ్చిందో ఆమెకు చెప్పండి. నాకు కాదు. పదహారో నంబరు రాయి దగ్గర నిలబడి, ఆమెకు.

పదిహేడో రాయి మాత్రం ముట్టొద్దు. ఒట్టు తప్పిన సంగతి నేను ఆమెతో పక్కన పండుకొని చెప్పుకోవాలె. దూరం నుంచి చెప్పే ముచ్చట కాదు.

ఇట్లు,
మీ చేతి మీదుగా తాగుడు మొదలుపెట్టిన నర్సయ్య

తా.క. 1: హుజూర్‌నగర్ రోడ్డు మీద పోలీసులు గొట్టం పెట్టి ఊదమంటున్నారట. మా ఊరికి వచ్చిన ఆదివారం బస్సులో పోండి. అది ఇరుకుగనే ఉంటది.

తా.క. 2: సాయమ్మ జాడీని అడిగి తెచ్చుకున్నాను, నా ట్రాక్టరు మీదనే ఉన్నది. సగానికి ఉన్నది. పారబోయొద్దని మీరే రాసినారు, పారబోయలేదు. తాగొద్దని అచ్చమ్మ చెప్పింది, తాగలేదు. దానికి కావలి కూర్చొని ఈ ఉత్తరం రాస్తున్నాను.

తా.క. 3: ఈస్టరు ముందటి గురువారం, ఏప్రిల్ పదిహేడు, మళ్లీ బల్ల పెడుతున్నారు కదా. ఆ పొద్దు సాయంత్రం ఆరు గంటల లోపల జవాబు నా చేతిలో ఉండాలె, కాగితం మీద, మీ సంతకంతో. ఆరు దాటితే జాడీ సూర్యాపేటలో ఉన్న మన సంఘాల పెద్ద ఆఫీసుకు పోతది. వాళ్లనే రుచి చూసి చెప్పమంటాను.